కోజో మోకాలి కోసం

పోయిన వారం మనం వసంతకుమారిని ఎడిసన్‌లోని వాళ్ళ వంటింట్లో, చేతిలో ఫోను రిసీవరుతో నిలబెట్టి వదిలేశాం. వారం రోజులూ పాపం అలాగే నిలబడి ఉందని కంగారు పడకండి, కథలో గడిచింది అరగంటే. "వాళ్ళకి తెలిసిపోయింది సిస్టర్, నేను వస్తున్నాను" అని కోజో అసారే ఫోను పెట్టేశాడు. ఆవిడ రిసీవరు తగిలించి, కడిగిన బియ్యమే మళ్ళీ కడిగింది.

ఇప్పుడే మన దారిలో కలిసినవారికి రెండు ముక్కలు చెప్పాలి. వసంతకుమారిది నరసాపురం. వేలూరులో ఫిజియోథెరపీ చదివి, భర్త సుందర్ రాజ్ వెంట న్యూజెర్సీ వచ్చింది. ఇక్కడి ఆసుపత్రిలో విరిగి అతికిన కాళ్ళకూ బిగిసిపోయిన భుజాలకూ వ్యాయామం చేయించడం ఆవిడ ఉద్యోగం. కోజో ఆఫ్రికావాడు. ఘనా దేశంలో సెకొండి అనే రేవు పట్నం అతనిది. ఇక్కడి ఫుట్‌బాల్ జట్టులో ఆడుతున్నాడు. దేవుడి పాట వినపడితే చాలు, భాష రాకపోయినా వచ్చి కూర్చునే మనిషి కాబట్టి, ఏడాదిగా ఐసెలిన్‌లో మనవాళ్ళ తెలుగు ఆరాధనకు వస్తున్నాడు. వేసవి మొదలైన దగ్గర్నుంచీ వసంతకుమారి ఆసుపత్రికి తెలియకుండా, జట్టుకు తెలియకుండా, తన ఇంటి బేస్‌మెంటులో అతని కుడి మోకాలికి చికిత్స చేస్తోంది. ఆ మోకాలు ఇక ఆటకు పనికిరాదు. ఆ సంగతి అతనికి తెలుసు, ఆవిడకి తెలుసు, జట్టులో కాళ్ళు మర్దన చేసే విటో అనే ఇటాలియన్ ముసలాయనకి తెలుసు. నాలుగోవాడికి తెలియకూడదని ఒట్టు.

ఎందుకంత గుట్టు అంటే, అతని బతుకంతా ఇప్పుడు ఆ గుట్టు మీదే నిలబడి ఉంది.

కోజో పందొమ్మిదో ఏట బెల్జియం వెళ్ళాడు. అప్పటిదాకా సెకొండి ఇసకలో ఉత్త కాళ్ళతో ఆడినవాడు. బెల్జియంలో కూడా సముద్రం ఒడ్డునే ఓ చిన్న ఊరి క్లబ్బు తీసుకుంది. సముద్రం ఉందిగదా, మన ఊరిలాగే ఉంటుందిలే అనుకున్నాట్ట. ఆ చలిలో తలకి తగిలిన బంతి సాయంత్రం అన్నం తినేదాకా తగులుతూనే ఉండేదట. ఎనిమిదేళ్ళు ఆడాడు. గోలు కొట్టిన ఆదివారం ఊళ్ళో రొట్టెల కొట్టువాడు పిలిచి తినిపించేవాడు. కొట్టని ఆదివారం అదే మనిషి కంచె వెనక నిలబడి కోతి కూతలు కూసేవాడు. సోమవారం కొట్టుకి వెళితే మళ్ళీ నవ్వుతూ పలకరించేవాడు. కోజో ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా మొహంలో కోపం ఉండేది కాదు, వానల గురించి చెప్పినట్టు చెప్పేవాడు.

మోకాలు మొదటిసారి దెబ్బతిన్నప్పుడు క్లబ్బు డాక్టరు కోసి, లోపలి గుజ్జు కొంత తీసేశాడు. ఆ తరవాత ప్రతి మ్యాచికీ ముందు సూది పొడిచి మైదానంలోకి తోలాడు. సూది వేశాక నొప్పి తెలిసేది కాదు, మోకాలు ఉందన్న సంగతే తెలిసేది కాదు. ఇక లాభం లేదని వాళ్ళు వదులుకున్నప్పుడు అమెరికా జట్టు పిలిచింది. ఇక్కడ గడ్డి బదులు ప్లాస్టిక్ పరుస్తారు. దాని మీద మిగిలిన గుజ్జు కూడా అరిగిపోయింది.

భార్య ఆబా, కూతురు ఎఫువా ఇంకా బెల్జియంలోనే ఉన్నారు. ఆబా అక్కడ ఓ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనిలో ఉంది. కూతురు బడిలో వాళ్ళ భాష నేర్చి, ఇంగ్లీషు మరిచిపోతోంది. ఫోనులో తండ్రీ కూతుళ్ళ మధ్య మాటలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. ఇక్కడి జట్టేమో ఈ ఏటితో మూతపడుతోంది. జట్టు పోతే వీసా పోతుంది. సరిగ్గా అప్పుడే, ఇక్కడ ఆడుతూనే ఉన్నాడు కాబట్టి మోకాలు కుదురుకుందనుకుని, బెల్జియం నుంచి పాత క్లబ్బు కబురు పెట్టింది. రెండేళ్ళు ఆడు, ఆ తరవాత కుర్రవాళ్ళకి శిక్షణ ఇచ్చే పని ఇస్తాం, అని. మాట ఖాయం చేసుకోడానికి వాళ్ళ మనిషి ఆదివారం విమానంలో దిగుతున్నాడు.

ఇదీ సంగతి. ఎనభై రెండు అక్టోబరు, శనివారం మధ్యాహ్నం. తలుపు చప్పుడైంది.

*

కోజో లోపలికొచ్చి ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు. కుడికాలు చాపి పెట్టుకున్నాడు. అతను అరుస్తాడనీ, బల్ల గుద్దుతాడనీ వసంతకుమారి అనుకుంది. అతను మంచినీళ్ళడిగాడు. ఇచ్చింది. గ్లాసు పట్టుకుని తాగడం మరిచిపోయాడు.

"పొద్దున మేనేజరు పిలిచాడు" అన్నాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషే అయినా, ఇన్ని వారాలుగా మనం తెలుగులోనే వింటున్నాం గదా, అలాగే కానిద్దాం. "నీ మోకాలు అయిపోయిందని విన్నాను, రేపు బెల్జియంవాడు నన్నడిగితే నేను అబద్ధం చెప్పలేను కోజో, అన్నాడు."

"ఎవరు చెప్పారట?"

"అది చెప్పడుగా. కానీ నాకు తెలుసు. విటో."

"విటోనా? ఆయన నిన్ను కొడుకులా చూసుకుంటాడు గదా."

"నాకూ మీకూ కాక తెలిసింది ఒక్కడికే. నేను చెప్పలేదు. మీరు చెప్పలేదు." గ్లాసు బల్ల మీద పెట్టాడు. "అందరి ముందూ అడిగేశాను. ఎంతకి అమ్మావు అన్నాను. ముసలాయన తువ్వాళ్ళు మడత పెడుతున్నాడు. మడత పెట్టడం ఆపలేదు. అన్నీ అయ్యాక కోటు వేసుకుని వెళ్ళిపోయాడు. ఇక పనిలోకి రాడని చెప్పారు."

వసంతకుమారి స్టవ్ మంట తగ్గించింది. విటోని ఆవిడ ఒక్కసారే చూసింది. చెవుల్లోంచి తెల్లటి వెంట్రుకలు, చేతులకి కర్పూరం వాసన. ఆ మనిషి నోరు జారే రకం కాదనిపించింది అప్పుడు. మనుషుల గురించి ఏం చెప్పగలం అనుకుంది ఇప్పుడు.

"మేనేజరు ఇంకేమన్నా అన్నాడా?"

"చివర్లో భుజం తట్టాడు. అంతా నీ మోకాలి కోసం ప్రార్థన చేస్తున్నారట గదా, మంచిదే, అన్నాడు. ఆయన చర్చి మొహం ఎప్పుడు చూశాడు? ఏదో ఓదార్పుకి అని ఉంటాడు."

వసంతకుమారి చెయ్యి స్టవ్ మర మీదే ఉండిపోయింది.

పోయిన వారం శుక్రవారం, మన సంఘంలోని లూసీ వాళ్ళింట్లో స్త్రీల ఉపవాస ప్రార్థన జరిగింది. మన ప్రార్థనల సంగతి మీకు తెలియంది కాదు. సర్వజ్ఞుడైన దేవుడికి ఏమీ తెలియదన్నట్టు, జబ్బు పేరు, డాక్టరు ఏమన్నాడు, ఏ మందు పడింది, ఏది వికటించింది, అన్నీ పూసగుచ్చినట్టు చెబితేగానీ మనవాళ్ళకి ప్రార్థన చేసినట్టుండదు. చుట్టూ పదిమంది కళ్ళు మూసుకుని "అవును తండ్రీ" అంటుంటే ఆ ఊపు వేరు. వసంతకుమారి వంతు వచ్చింది. పొద్దున్నుంచి మెతుకు ముట్టని కడుపు, తడిసిన కళ్ళు. "తండ్రీ, ఆఫ్రికా దేశస్థుడు మా సహోదరుడు కోజోని నీ పాదాల దగ్గర పెడుతున్నాను. ఆ మోకాలిలో గుజ్జు లేదు ప్రభువా, ఎముకకి ఎముక రాసుకుంటోంది, నా చేతులతో నేనేం చేసినా వంగడం లేదు, నువ్వే ముట్టాలి" అంది. దేవుడితో చెప్పుకుంటోంది కదా. అది మనుషులకి చెప్పడం ఎలా అవుతుంది? ఆ క్షణంలో ఆవిడకి ఒట్టు గుర్తురాలేదు. ఇంటికొచ్చాక కూడా రాలేదు. అదీ చిత్రం.

లూసీ భర్త సత్యానందం ఆ ఫుట్‌బాల్ జట్టు ఆఫీసులోనే అకౌంటెంటు.

ఆవిడ గోడకున్న ఫోను తీసింది. కోజో చూస్తూనే ఉన్నాడు. లూసీ నంబరు తిప్పుతుంటే వేళ్ళు తనవి కానట్టున్నాయి.

"లూసీ, నేనమ్మా. పోయిన వారం నేను చేసిన ప్రార్థన ఎవరితోనన్నా అన్నావా?"

"ఏ ప్రార్థన అక్కా? ఆ కోజో బ్రదర్‌దా? బయట ఎవరితో అంటానక్కా నేను! మా ఆయనకి చెప్పాను అంతే, కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకుందామని. పాపం ఆయన రోజూ కన్నీళ్ళతో చేస్తున్నారు. మొన్న ఆఫీసులో మేనేజరు ఏదో దిగులుగా ఉన్నాడంట, ధైర్యం చెబుదామని, వర్రీ అవ్వకండి సార్, మా చర్చ్ అంతా కోజో మోకాలి కోసం ప్రే చేస్తున్నాం అన్నారంట. మంచి సాక్ష్యం కదక్కా, అన్యుల ముందు? ఏం, ఏమైంది?"

"ఏం లేదమ్మా."

"నీ గొంతేంటి అలా ఉంది? ఫాస్టింగ్ ఎక్కువ చేస్తున్నావు. జ్యూస్ తాగక్కా."

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అన్నారా. లూసీ నోట్లో నువ్వు గింజ నానదని ఐసెలిన్ అంతా ఎరుగును. కానీ లూసీని ఏమని తప్పు పడతాం? మొదటి పెదవి ఎవరిది?

రిసీవరు పెట్టి వెనక్కి తిరిగింది. చెప్పకపోయినా గడిచిపోతుంది. విటో ఎలాగూ వెళ్ళిపోయాడు, ఆ నింద ఆయన కోటుతో పాటే వెళ్ళిపోయింది. కోజోకి తెలుగు రాదు, ఇప్పుడు ఫోనులో ఏం మాట్లాడిందో అర్థం కాదు. ఈ లెక్కంతా ఆవిడ బుర్రలో గబగబా తిరిగింది, తిరిగినందుకు సిగ్గు కూడా వేయలేదు. ఏమీ వేయలేదు. చల్లటి నీళ్ళలో చాలాసేపు పెట్టిన చెయ్యిలా మనిషంతా అయిపోయింది.

"విటో కాదు" అంది. "నేనే."

అంతా చెప్పింది. ఉపవాస ప్రార్థన, లూసీ, సత్యానందం, మేనేజరు. ఏడుస్తూ చెబుతాననుకుంది. ఆసుపత్రిలో రోగి సంగతి డాక్టరుకి అప్పజెప్పినట్టు చెప్పింది.

కోజో ఫ్రిజ్ వంక చూశాడు. ఫ్రిజ్ మీద సుందర్ రాజ్ అంటించిన బ్యాంకు క్యాలెండరుంది. దానిలో మంచు కప్పిన కొండ బొమ్మ ఉంది.

"దేవుడికి చెప్పారు" అన్నాడు.

"అవును."

"నాకు నవ్వు రావాలి. ఆబాకి చెబితే నవ్వుతుంది." అతను నవ్వలేదు. "మా అమ్మ కూడా అలాగే చేస్తుంది. నేను బెల్జియంలో సూదులు వేయించుకుంటున్నానని సెకొండి చర్చిలో అందరికీ తెలుసు."

"నన్ను తిట్టు కోజో. ఏదైనా అను."

"తిట్టడానికి లోపల ఏమన్నా కదలాలి గదా సిస్టర్. కదలడం లేదు." మోకాలి మీద అరచెయ్యి పెట్టి రుద్దుకున్నాడు. అది అతని అలవాటు. "మీ చర్చిలో ఆదివారం మనుషులు లేచి నిలబడి ఏదో చెబుతారు. అందరూ చేతులెత్తుతారు. అదేమిటి?"

"సాక్ష్యం. దేవుడు తమకి చేసిన మేలు చెప్పుకుంటారు."

"సత్యానందం వస్తాడు గదా?"

ఆవిడకి అర్థమైంది. అర్థమవుతుండగానే తల అడ్డంగా ఆడించింది.

"మేనేజరు పొద్దున ఇంకో మాట కూడా అన్నాడు" అన్నాడు కోజో, అదే గొంతుతో. "నేను విన్నది తప్పని ఎవరైనా చెబితే నాకంటే సంతోషించేవాడు ఉండడు, అన్నాడు. నన్ను ఆ క్లబ్బుకి అమ్మితే ఆయనకీ లాభమే. నమ్మడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. ఒక్క మాట కావాలి. ఆ మాట వెళ్ళిన దారినే తిరిగి రావాలి."

"దేవుడి పేరు మీద అబద్ధం చెప్పమంటావా?"

"బెల్జియం డాక్టరు పాతవాడే. సూదులు వేసినవాడే. ఆయన నా మోకాలిని క్లబ్బు చూడమన్నట్టు చూస్తాడు. ఇక్కడ ఎవరూ నోరెత్తకపోతే చాలు."

"ఆ రెండేళ్ళు ఆడితే ఆ తరవాత నువ్వు నడవలేవు. నీకు చెప్పాను. నీ చెయ్యి పట్టుకుని చెప్పాను."

"నడిచి ఎక్కడికి వెళ్ళాలి సిస్టర్? నాకు కావలసినవాళ్ళు అక్కడున్నారు."

సుందర్ రాజ్ గరాజులో కారు ఆపిన చప్పుడు వినపడింది. కోజో లేచాడు. గడప దగ్గర ఆగి, వెనక్కి చూడకుండా అన్నాడు. "మీరు నన్ను అడక్కుండా నా మోకాలి గురించి మాట్లాడారు. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. మాట్లాడండి."

ఆవిడ అవుననలేదు, కాదనలేదు. మౌనం అర్ధాంగీకారం అంటారు. కోజోకి ఆ సామెత తెలియదు, అయినా అలాగే అనుకుని వెళ్ళిపోయాడు. అన్నం అడుగంటింది.

*

ఆదివారం కారులో సుందర్ రాజ్ ఒక్కటే మాట నాలుగు రకాలుగా చెప్పాడు. రాత్రే ఆవిడ భర్తకి అంతా చెప్పింది.

"నువ్వు లేవకు వసంతా. కూర్చో అంతే. ఆసుపత్రివాళ్ళకి తెలియకుండా ప్రాక్టీస్ చేస్తున్నావని తెలిస్తే లైసెన్స్ పోద్ది. అది పోతే మళ్ళీ వస్తదా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"ఊఁ అంటే విన్నాను."

"అతని కష్టం నాకు తెలీదా? తెలుసు. కానీ మన ఇల్లు మనం చూసుకోవద్దా?"

"సిగ్నల్ పడింది" అంది వసంతకుమారి.

ఐసెలిన్‌లో లూథరన్‌ల చర్చి ఒకటి ఉంది. ఆదివారం మధ్యాహ్నం దాని బేస్‌మెంటు మనవాళ్ళకి ఇస్తారు. మడత కుర్చీలు, అటు మగవాళ్ళు, ఇటు ఆడవాళ్ళు, ముందు నేల మీద భీమవరం నుంచి సూట్‌కేసులో వచ్చిన ఎర్ర జంపఖానా. వెనక బల్ల మీద పులిహోర, కోడికూర గిన్నెలు. పాటలు మొదలయ్యేసరికి ఆ వాసన మధ్యలోంచే దేవుడి దగ్గరికి వెళ్ళాలి. దైవాశీర్వాదం అయ్యగారు వారమంతా రంగుల కంపెనీ ల్యాబులో పనిచేసి, ఆదివారం వాక్యం చెబుతారు. మంచి మనిషి. ఎవరి కన్నీళ్ళు చూసినా తనూ కన్నీళ్ళు పెట్టుకుంటారు.

కోజో చివరి వరసలో, గోడ పక్కన, కుడికాలు చాపుకోడానికి వీలుండే కుర్చీలో కూర్చున్నాడు. తెల్ల చొక్కా, ఇస్త్రీ మడత చెడలేదు. వసంతకుమారి అటు చూడలేదు. చూడకుండానే ఆ మనిషి ఎక్కడున్నాడో వీపుకి తెలుస్తోంది.

సత్యానందం కుర్చీ ఖాళీగా ఉంది. రాడేమో. రాకపోతే చెప్పినా ప్రయోజనం లేదు, చెప్పక్కర్లేదు. ఆవిడకి ఎక్కడో సన్నగా ఊపిరాడింది.

మూడో పాట మధ్యలో తలుపు తెరుచుకుంది. సత్యానందం చెమటలు కక్కుకుంటూ, మొహం వెలిగిపోతూ వచ్చాడు. వెనకాల పొడుగాటి తెల్లవాడు, బూడిదరంగు కోటు, చేతి మీద మడిచిన రెయిన్‌కోటు.

"వందనాలయ్యగారూ, లేట్ అయ్యింది, క్షమించాలి" అన్నాడు సత్యానందం పాట ఆగీ ఆగకుండానే. "మా మేనేజరు నన్ను ఎయిర్‌పోర్ట్‌కి పంపాడండి. వీరు మిస్టర్ డి స్మెట్. బెల్జియం దేశం నుంచి, మన కోజో బ్రదర్ కోసమే వచ్చారు. హోటల్‌కి తీసుకెళ్ళమన్నారు గానీ, ఆదివారం పూట ఆరాధన మానేసి హోటల్‌కి ఏం వెళ్తాం అని డైరెక్ట్‌గా ఇటే డ్రైవ్ చేసేశాను. భోజనం కూడా ఇక్కడే చేస్తారు!"

విమానం దిగిన విదేశీ పెద్దమనిషిని హోటల్లో దింపకుండా ప్రార్థనకీ కోడికూరకీ పట్టుకురావడం మనవాళ్ళకి తప్ప ఎవరికి తోస్తుంది? అందరూ సంతోషించారు. డి స్మెట్ గారిని మొదటి వరసలో కూర్చోబెట్టారు. ఎవరో పాటల పుస్తకం చేతిలో పెట్టారు. ఆయన దాన్ని మర్యాదగా తిరగేసి పట్టుకున్నాడు. వెనక్కి తిరిగి కోజోని చూసి చిన్నగా చెయ్యి ఎత్తాడు. కోజో కూడా ఎత్తాడు. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే ఇదే. కబురు నాలుగు నోళ్ళు దాటి చేరాల్సిన మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"సాక్ష్యాలున్నవారు లేవండి" అన్నారు అయ్యగారు.

కొత్తగా ఉద్యోగం దొరికినవాడు ఒకతను లేచాడు. కాన్పు సుఖంగా జరిగిన అమ్మాయి తండ్రి లేచాడు. స్తోత్రం, స్తోత్రం. ఆ తరవాత ఎవరూ లేవలేదు. అయ్యగారు ఇంకెవరైనా అన్నట్టు చూశారు. సుందర్ రాజ్ మగవాళ్ళ వరసలోంచి భార్య వంకే చూస్తున్నాడు.

వసంతకుమారి లేచింది. లేవాలని నిర్ణయించుకున్నట్టు ఆవిడకి గుర్తులేదు. కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడైతే విన్నది.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అంది. ఇరవై ఏళ్ళుగా సాక్ష్యాలు చెప్పిన నోరు, విన్న చెవులు. మాటలు వాటంతటవే వరసగా నిలబడ్డాయి. "పోయిన వారం ఉపవాస ప్రార్థనలో మన సహోదరుడు కోజో మోకాలి కోసం కన్నీటితో ప్రార్థించాం. నేను ఆ మోకాలిని నా చేతులతో చూస్తున్నదాన్ని. వైద్యులు చేయలేనిది, నేను చేయలేనిది, దేవుడు చేశాడు. ఆ మోకాలు బాగుపడింది. ఆయనకే మహిమ కలుగును గాక."

అంతే. ఎంత సులువుగా అయిపోయిందో! పైకప్పు విరిగి పడలేదు. ఆవిడ చిన్నప్పుడు నరసాపురం సండేస్కూల్లో, అబద్ధ సాక్ష్యం చెబితే నాలుక ఎండిపోతుందని టీచరమ్మ భయపెట్టేది. నాలుక తడిగానే ఉంది. భయమో, పశ్చాత్తాపమో, ఏదో ఒకటి వస్తుందని ఎదురుచూసింది. ఏదీ రాలేదు. దానికి మాత్రం కొంచెం భయం వేసింది.

"హల్లెలూయా!" అని లూసీ కేక పెట్టింది. సత్యానందం ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే డి స్మెట్ గారి చెవిలో ఇంగ్లీషులో చెబుతున్నాడు. "మోకాలు సార్, కోజో మోకాలు, కంప్లీట్‌గా హీల్ అయిపోయింది! ఆ సిస్టర్ ఫిజియోథెరపిస్టు సార్, ఆవిడే చెబుతోంది!"

డి స్మెట్ గారు తల తిప్పి వసంతకుమారిని పరీక్షగా చూశాడు. ఆయన మొహంలో భక్తి లేదు, శ్రద్ధ ఉంది. ఆ పాత మోకాలు ఇక్కడ మళ్ళీ చెడిందన్న సంగతే ఆయనకి ఇప్పటిదాకా తెలియదు. అది బాగుపడిందని విన్నప్పుడే, ఇన్నాళ్ళూ బాగాలేదని కూడా విన్నాడు. వసంతకుమారికి ఇది చెప్పేశాక తోచింది.

కుర్చీలో కూర్చోబోతుండగా అయ్యగారు కళ్ళు తుడుచుకుని చేతులు చాపారు.

"కోజో బ్రదర్, ముందుకు రండి! సంఘమంతా కృతజ్ఞతగా మోకరిద్దాం. ఆయన మన మధ్య మోకరించాలి, మనం ఆయన మీద చేతులుంచి దేవుణ్ణి స్తుతిద్దాం!"

ఎంత మంచి మనిషి చేతుల్లో ఎంత ప్రమాదం. కోజోకి తెలుగు అర్థం కాలేదు. అందరూ తన వైపు తిరిగి నవ్వుతూ పిలవడం అర్థమైంది. లేచాడు. కుంటు కనపడకుండా నడవడం అతనికి బాగా వచ్చు, ఏళ్ళ తరబడి వేల మంది ముందు నడిచినవాడు. జంపఖానా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చుట్టూ కుర్చీలు జరిగాయి. చీరలు, ప్యాంట్లు, పిల్లలు, అందరూ నేల మీద మోకరించారు. డి స్మెట్ గారు ఒక్కడే కుర్చీలో ఉండిపోయాడు, మోచేతులు తొడల మీద ఆనించి, కోజో కాళ్ళ వంక చూస్తూ.

అయ్యగారు జంపఖానా చూపించారు.

వసంతకుమారి మోకాళ్ళ మీదే ఉంది. ఆ కాలు ఎక్కడిదాకా వంగుతుందో ఆవిడ చేతులకి తెలుసు. సగం దూరంలో ఆగిపోతుంది. అక్కడ బలవంతం చేస్తే ఏమవుతుందో కూడా తెలుసు. వద్దని చెప్పాలి. ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆ మాట చెబితే, ఇందాక చెప్పిన మాట ఏం కావాలి?

కోజో ఆవిడ వంక చూశాడు. అడుగుతున్నట్టు లేదు ఆ చూపు. చెబుతున్నట్టుంది. ముందు ఎడమ మోకాలు దించాడు. కుడికాలు ఆగింది. అయ్యగారు ప్రేమగా అతని భుజాల మీద రెండు చేతులూ వేసి, కళ్ళు మూసుకుని, కిందికి అదిమారు.

సన్నటి చప్పుడు ఒకటయింది. పాత కుర్చీ కిర్రుమంటుందే, అంత. అప్పటికే ప్రార్థన మొదలైపోయింది కాబట్టి ఎవరూ వినలేదు. కోజో రెండు మోకాళ్ళ మీదా ఉన్నాడు. పెదవులు బిగించి ఉన్నాయి. మెడ మీద చెమట పట్టింది.

అయ్యగారి ప్రార్థన నిడివి ఐసెలిన్‌లో ప్రసిద్ధం. ఘనా దేశాన్ని దీవించారు, బెల్జియం దేశాన్ని దీవించారు, డి స్మెట్ గారి ప్రయాణాన్ని దీవించారు. ఆ మోకాలిని సృష్టించినవాడిని స్తుతించారు. వసంతకుమారి కళ్ళు మూసుకోలేదు. ప్రార్థించడానికి ఒక్క మాట కూడా దొరకలేదు. కోజో తెల్ల చొక్కా వీపుకి అంటుకుపోవడం చూస్తూ ఉంది.

ఆమేన్ అన్నారు. అందరూ లేచారు. మోకాళ్ళు దులుపుకున్నారు, చీరలు సర్దుకున్నారు. ఎవరో పులిహోర మూత తీశారు.

కోజో లేవలేదు.

"ఎంత భక్తి అక్కా!" అంది లూసీ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

కొంతమంది మళ్ళీ చేతులు జోడించారు. అయ్యగారు నిశ్శబ్దంగా ఉండమని సైగ చేశారు. ఆ నిశ్శబ్దంలో కోజో తల కొంచెం తిప్పి, వసంతకుమారికి మాత్రమే వినపడేటంత మెల్లగా, "కాలు తెలియడం లేదు సిస్టర్" అన్నాడు.

మొదటి వరసలో కుర్చీ కదిలింది. డి స్మెట్ గారు లేచి, జంపఖానా అంచు తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చాడు. కోజో ముందు ఆగి, అతని మొహం చూశాడు, కాలు చూశాడు. అతన్ని ఏమీ అడగలేదు. తిన్నగా వసంతకుమారి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"ఈ మోకాలిని మీరే చూస్తున్నారని ఆయన చెప్పాడు" అన్నాడు, సత్యానందాన్ని చూపిస్తూ. గొంతు మర్యాదగా ఉంది. "మీ దేవుడి సంగతి నాకు తెలియదమ్మా. మీ చేతుల సంగతి చెప్పండి. ఇతను ఎందుకు లేవడం లేదు?"